కాంటా కంప్యూటర్‌లో కుదరని లెక్క

రెండు వేల ఒకటిలో సూర్యాపేట బస్టాండుకు దగ్గరలో ఒక గది కిరాయికి తీసుకుని కంప్యూటర్ నేర్పే సెంటర్ పెట్టాను. మొదట్లో కుర్చీలు చాలక పిల్లలు గుమ్మం బయట నిలబడేవారు. కొన్నేళ్లకు ఇళ్లలోకే కంప్యూటర్లు వచ్చాయి, సెంటర్ పల్చబడింది. ఖాళీ గదిలో ఫ్యాను కింద ఊరికే కూర్చోవడం నా ఒంటికి పడదు. అందుకని కంప్యూటర్లు బాగుచేసే పనిలోకి దిగాను. విండోస్‌కు బదులు వాడే లైనక్స్ తెలిసినవాళ్లు మా వైపు తక్కువ. పాత మిషన్ల మీద దాన్ని ఎక్కించి, చెడగొట్టి, మళ్లీ నిలబెట్టి నేర్చుకున్నాను. దాంతో కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ నుంచి కూడా పిలుపులు మొదలయ్యాయి. వారంలో సగం రోజులు బస్సుల్లోనే గడిచేవి.

మా ఆయన ఆత్మకూరులో బడిపంతులు. స్థిమితమైన మనిషి. "నువ్వు ఇంట్ల ఉంటె ఇల్లు కూడ ఎటో పోతున్నట్టే ఉంటది" అనేవాడు. ఎత్తిపొడుపు కాదు, ఉన్న మాటే.

ఒక ఏడాది ఎండాకాలం యాసంగి పంట కోతలు మొదలయ్యే ముందు మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. చేసింది మిల్లు మేనేజరు. కాంటా దగ్గర కంప్యూటర్ ఆగిపోయిందని చెప్పాడు. వడ్ల ట్రాక్టర్లనూ బియ్యం లారీలనూ సరుకుతో సహా ఎక్కించి తూచే పెద్ద ఇనుప తూనికను అక్కడ కాంటా అంటారు. దాని పక్కనే అద్దాల కిటికీ ఉన్న చిన్న గది, అందులో కంప్యూటర్. బండి కాంటా ఎక్కగానే పైనున్న కెమెరా ఒక ఫోటో తీస్తుంది. ఆ ఫోటో మీదనే బండి నంబరు, బరువు, తేదీ పడతాయి. తర్వాత చీటీ అచ్చవుతుంది. ఇదంతా హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి అమర్చి వెళ్లాడట. ఇప్పుడు ఆయన ఫోన్ ఎత్తడం లేదు.

వెళ్లి చూస్తే పెద్ద కష్టంగా ఏమీ కనిపించలేదు. లైనక్స్ మీద నడిచే ఆ కంప్యూటర్‌లో రెండు డిస్కులున్నాయి. చిన్నదాని మీద వ్యవస్థ అంతా నడుస్తుంది. దాన్నే రూట్ అంటారు. ఫోటోలు పెరిగిపోతాయి కాబట్టి వాటి కోసం వేరుగా పెద్ద డిస్కు పెట్టారు. పెద్దదాంట్లో కావలసినంత జాగా ఉంది, చిన్నది మాత్రం నిండిపోయింది. రూట్ నిండితే ఒక్క అక్షరం రాసుకోవడానికి కూడా కంప్యూటర్‌కు చోటుండదు, చీటీ అచ్చు కాదు. ప్రోగ్రాములు రోజూ తమ సంగతులు రాసుకునే ఫైళ్లు పాతవి కుప్పగా పడి ఉంటే తీసేసి, కంప్యూటర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టాను. కాంటా నడిచింది. మేనేజరు చాయ్ తెప్పించాడు.

చాయ్ తాగుతూ అలవాటుగా ఇంకో లెక్క చూశాను. చిన్న డిస్కు ఇంకా దాదాపు నిండే ఉందని ఒక కమాండ్ చెబుతోంది. ఫోల్డర్లన్నిటినీ కూడితే అందులో సగం కూడా లేదని ఇంకో కమాండ్ చెబుతోంది. మిగతా సగంలో ఏముందో ఎక్కడా కనబడదు. చాయ్ చల్లారిపోయింది. మళ్లీ కూడి చూశాను, మళ్లీ అదే.

"నడుస్తున్నది గదా మేడమ్, ఇగ ఏం జూస్తున్నరు?" అన్నాడు మేనేజరు.

"లెక్క కుదుర్తలేదు."

"ఈ మిషన్‌ది మొదట్నుంచి గంతే. మునుపు దీని మీద కూసున్నోడు కూడ గట్లనే సతాయించిండు. వానాకాలం వడ్లప్పుడు, చలి దినాలల్ల, కెమెరా బంద్ వెట్టి లారీలు తోలిండు. ఒక లారీల బియ్యం దిగిన కాడ తక్కువ తేలింది. ఫోటో సూద్దమంటె ఆ రోజుదే కాదు, కొన్ని వారాలయి ఒక్కటి లేవు. మిల్లు సార్ కొలువుల నుంచి తీసేసిండు వాన్ని."

"ఆయన ఏమన్నడు?"

"ఏమంటడు? ఫోటోలు దిగినయి, నేను కండ్లార సూసిన అని ఒకటే మొత్తుకున్నడు. దిగితె యాడికి వోతయి?"

అప్పటికి ఆ మాట విని ఊరుకున్నాను. నా పనితో దానికి సంబంధం ఉందనిపించలేదు.

సూర్యాపేటకు వచ్చాక కూడా ఆ కనబడని సగం నన్ను వదల్లేదు. కూరగాయలు కోస్తూ ఆగిపోయేదాన్ని. సెంటర్‌లో ఉన్న ఇద్దరు ముగ్గురు పిల్లలకు పాఠం చెబుతూ మధ్యలో లేచి పాత మిషన్ దగ్గరికి వెళ్లేదాన్ని. తీసేసిన ఫైలును ఏదైనా ప్రోగ్రాం ఇంకా పట్టుకుని ఉంటే ఆ జాగా తిరిగి రాదని చదివాను. అది కావచ్చు అనుకున్నాను. కానీ కాంటా కంప్యూటర్‌ను నేనే ఆపి మళ్లీ మొదలుపెట్టాను కదా. అలా ఆపితే పట్టుకున్నవన్నీ వదిలేయాలి. అంటే అది కాదు. మరేమిటి? పని అయిపోయిన చోటికి పిలవకుండా వెళ్లడం బాగుండదని ఆగాను. ఆగడమే కష్టమైంది.

కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో మేనేజరు మళ్లీ ఫోన్ చేశాడు. "ఇప్పుడే రావాలె మేడమ్. ట్రాక్టర్లు రోడ్డెక్కినయి. పైన మొగులు వట్టింది."

మిర్యాలగూడ బస్సు ఎక్కాను. దారి పొడవునా కల్లాల మీద వడ్లకు టార్పాలిన్ పట్టాలు కప్పుతున్నారు. కిటికీలోంచి వచ్చే గాలి చల్లగా తగులుతుంటే నాకు ఇంకా కంగారు పెరిగింది. బస్సు ఆగిన చోటల్లా డ్రైవర్ వైపు చూశాను. మిల్లు ముందు దిగేసరికి గేటు నుంచి రోడ్డు దాకా ట్రాక్టర్లు వరసకట్టి ఉన్నాయి. రైతులు వడ్ల మీదెక్కి తాళ్లు బిగిస్తున్నారు. నన్ను చూసి ఒకాయన, "ఈమెనేనా వచ్చేది?" అని పక్కాయన్ను అడిగాడు.

కాంటా గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. కుర్చీ పక్కన నేల మీద ఒక పెద్దామె కూర్చుని ఉంది. హుజూర్‌నగర్ అవతల తండా నుంచి కొడుకుతో కలిసి వడ్లు తెచ్చింది. ఫోన్‌లో తన లంబాడీ భాషలో ఎవరికో ఏదో గట్టిగా చెప్పి, ఫోన్ కొంగున కట్టుకుని, నా వైపు తిరిగింది.

"నీకు రాకపోతె రాదని చెప్పు బిడ్డ. ఇంకో మిల్లుకు తోల్కపోత. వానొచ్చినంక చెప్తె ఏం లాభం?"

"వస్తదమ్మా. జరసేపు ఆగు."

"చేత్తోని రాసియ్యరాదా చీటి?" అని ఆమె మేనేజరును అడిగింది.

"సార్ ఒప్పుకోడు. ఆ లారీ లొల్లి అయినప్పట్నుంచి చేతిరాత చీటీలు బంద్."

రూట్ మళ్లీ నిండిపోయింది. ముందు బండ్లు కదలాలి. లెక్కలు తర్వాత. ప్రోగ్రాములు ఎక్కించేటప్పుడు దించుకున్న ఫైళ్లు పని అయిపోయినా ఒక మూలన ఉండిపోతాయి. వాటిని తీసేశాను. కొద్దిగా జాగా వచ్చింది, ఆ పూటకు చాలు. "తోలమను" అన్నాను. మొదటి ట్రాక్టర్ కాంటా ఎక్కింది, కెమెరా మెరిసింది, చీటీ అచ్చయింది. బయట ఒక్కసారిగా ఇంజన్లన్నీ మోగాయి. పెద్దామె లేచి, నా భుజం మీద చెయ్యి వేసి ఒత్తి, తన ట్రాక్టర్ దగ్గరికి పరుగున పోయింది.

నేను కుర్చీని పక్కకు జరుపుకుని వెతకడం మొదలుపెట్టాను. కాంటా మీద కొత్తగా చేరినతను ఒక పక్క బండ్లు తూస్తూనే ఉన్నాడు. చిన్న చిన్న ఫైళ్లు లెక్కకు మించి పెరిగితే కూడా డిస్కు నిండిందంటుంది. అదీ చూశాను, కాదు. తీసేసినా పట్టుకుని ఉన్న ఫైళ్లు చూశాను, లేవు. ప్రతి దారీ మూసుకుపోయింది. బయట ఉరుము వినబడింది. మేనేజరు వెనక నిలబడి కాళ్లు మార్చుకుంటున్నాడు.

"ఆ పెద్ద డిస్కు ఏమన్న సతాయిస్తున్నదా మేడమ్?" అన్నాడు, ఊరికే ఏదో అనాలన్నట్టు.

"అదెందుకు సతాయిస్తది?"

"వానాకాలం వడ్లప్పుడు కరెంటు ఊకె పోతుండె. ఒకసారి పోయి వచ్చినంక దాని వైరు లూజయిందట. హైదరాబాద్ ఆయన ఫోన్ల చెప్తుంటె నేనే డబ్బా ఇప్పి గట్టిగ వెట్టిన. అప్పట్నుంచి మంచిగనే ఉన్నది."

నా చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. "వైరు ఎన్ని దినాలు లూజుగ ఉండె?"

"ఏమో. ఎవ్వరికెరుక? కాంటా అయితె ఆగలె, నడుసుడు నడిసింది."

కాంటా ఆగలేదు. ఫోటోలు దిగుతూనే ఉన్నాయి. పెద్ద డిస్కు లేకపోతే మరి అవి ఎక్కడికి పోయాయి?

లైనక్స్‌లో రెండో డిస్కును వేరే పేరుతో చూపించరు. చిన్న డిస్కు మీదున్న ఒక ఖాళీ ఫోల్డర్‌కు దాన్ని తగిలిస్తారు. ఆ ఫోల్డర్ తెరిస్తే పెద్ద డిస్కులో ఉన్నవి కనిపిస్తాయి. ఇంట్లో గోడకు గూడు ఉంటుంది చూడండి, దాని ముందు బీరువా నిలబెట్టినట్టు. బీరువా ఉన్నంతసేపూ సామాను బీరువాలోకే పోతుంది. బీరువా లేని రోజుల్లో గూట్లోకి పోతుంది. తర్వాత బీరువా తెచ్చి మళ్లీ అక్కడే నిలబెడితే గూట్లో ఉన్నవి ఎవరికీ కనబడవు, కానీ అక్కడే ఉంటాయి. వైరు లూజయిన రోజుల్లో ఫోటోలన్నీ చిన్న డిస్కు మీదున్న ఆ ఖాళీ ఫోల్డర్‌లో పడి ఉండాలి. మేనేజరు వైరు గట్టిగా పెట్టిన రోజు పెద్ద డిస్కు వచ్చి వాటి ముందు నిలబడింది.

పెద్ద డిస్కును తీసి చూడాలంటే కెమెరాను ఆపాలి, బయట బండ్లున్నాయి. ఆపకుండా చూసే దారి ఒకటుంది. చిన్న డిస్కు మొత్తాన్నీ ఇంకో ఫోల్డర్‌కు కూడా తగిలిస్తే, ఆ దారిలో వెళ్లినప్పుడు ముందు నిలబడ్డ డిస్కు అడ్డురాదు. కమాండ్ కొట్టేటప్పుడు రెండుసార్లు తప్పు పడింది. మూడోసారి తెరుచుకుంది.

ఫోటోలు. వారాల తరబడి ఫోటోలు. ఒకటి తెరిచాను. పొగమంచులో బస్తాల లారీ, మూలన నంబరు, బరువు, తేదీ. ఇంకొకటి తెరిచాను. కాంటా మీద ట్రాక్టర్, దాని పక్కన కిటికీలోంచి బయటికి వంగి డ్రైవర్‌తో ఏదో చెబుతున్న సన్నటి మనిషి.

"వీడే" అన్నాడు మేనేజరు. గొంతు చాలా తగ్గింది.

వెనక కాంటా నడుస్తూనే ఉంది, చీటీలు అచ్చవుతున్నాయి. తర్వాత ఆయన నా చెవికి దగ్గరగా వంగాడు.

"మేడమ్, జాగ కావాలంటిరి గదా. ఇవి తీసేస్తె జాగ అయితది. పాతయే. ఎవలకు కావాలె?"

ఆయన ముఖం చూశాను. చెడ్డవాడి ముఖం కాదది. భయపడ్డవాడి ముఖం. కెమెరా ఆగిందని సార్‌కు చెప్పింది తనేనని, వైరు సంగతి తనకు గుర్తుకే రాలేదని ఆ తర్వాత నాకు చెప్పాడు. అప్పటికి మాత్రం నేను, "ఇవి నేను తీసెయ్య. పెద్ద దాంట్లకు మారుస్త" అన్నాను. గొంతు కొంచెం గట్టిగానే వచ్చిందేమో, కాంటా మీద ఉన్నతను తల తిప్పి చూశాడు.

ఫోటోలన్నిటినీ పెద్ద డిస్కులోకి కాపీ చేశాను. అన్నీ చేరాయో లేదో ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని, ఆ తర్వాతే గూట్లోంచి తీశాను. రూట్ సగానికి పైగా ఖాళీ అయింది. రెండు కమాండ్లూ ఒకే లెక్క చెప్పాయి. పెద్ద డిస్కు తగిలి లేకపోతే ఫోటో రాయకుండా ఆగి, కేక పెట్టేలా కెమెరా ప్రోగ్రాంకు ముందు ఒక చిన్న పరీక్ష రాసిపెట్టాను. ఇన్నాళ్లు వెంటాడిన లెక్క తేలింది కాబట్టి హాయిగా ఉండాలి. లేదు. కిటికీలోంచి వంగిన ఆ మనిషి కళ్ల ముందుండి కుర్చీలో కూర్చోలేకపోయాను.

సాయంత్రం వాన కురుస్తుండగా మిల్లు యజమాని వచ్చాడు. ఆయన పెద్దలు కృష్ణా నదికి అవతల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. వరసలో ఉన్న వడ్లన్నీ షెడ్డు కిందికి చేరాయని విని నాకు దండం పెట్టాడు. నేను స్క్రీన్ ఆయన వైపు తిప్పాను. గొడవైన లారీ ఏదో మేనేజరే వెతికి తీశాడు. లారీ మీద తాడిపత్రి పట్టా బిగించి కట్టి ఉంది. ఫోటో మీద పడ్డ బరువు, చీటీ మీదున్న బరువు ఒకటే. బియ్యం తగ్గింది ఇక్కడ కాదు, గేటు దాటాక.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూశాడు.

"అయితే ఆ అబ్బాయి కెమెరా ఆపలేదన్నమాట."

"ఆపలేదు సార్."

"సరేలెండి. అయిపోయిన సంగతి." లేచాడు. "వానలో ఎలా వెళ్తారు? కారులో దింపిస్తాను."

నేను బస్సులోనే పోతానన్నాను. గేటు దాకా గొడుగు పట్టుకుని మేనేజరు వచ్చాడు. ఆటో ఆగినప్పుడు, "కోదాడల హైవే మీద కాంటా ఉన్నది మేడమ్, సిమెంటు లారీలయి. ఇప్పుడు వాడు గాడ చేస్తున్నడట" అన్నాడు. గొడుగు నా చేతికిచ్చి తడుస్తూ లోపలికి పోయాడు.

మా ఆయనకు జరిగింది చెప్పాను. "సార్‌కు చెప్పినవు గదా, ఇగ నీ పని అయిపోయింది" అన్నాడు. కాసేపటికి మళ్లీ ఆయనే, "కోదాడకు ఎప్పుడు పోతవు?" అని అడిగాడు.

వచ్చిన ఆదివారమే పోయాను. ఆ కాంటా గది మిల్లు గది కంటే చిన్నది, రేకుల కప్పు. ఫోటోలో చూసిన సన్నటి మనిషే లోపల ఉన్నాడు. తుంగతుర్తి వైపు మనిషి. నన్ను లారీల తాలూకు ఎవరో అనుకుని, "బండి నంబర్ చెప్పండి మేడమ్" అన్నాడు. నేనెవరో చెప్పాను. మిల్లు పేరు ఎత్తగానే ముఖం గట్టిపడింది.

"మళ్ల ఏం పోయిందట?"

"ఏం పోలె. మీ ఫోటోలు దొరికినయి."

బయట ఒక లారీ హారన్ కొడుతుంటే అతను లేచి, దాన్ని తూచి, చీటీ ఇచ్చి వచ్చి కూర్చున్నాడు.

"యాడ దొరికినయి?"

బల్ల మీద అన్నం గిన్నె ఉంది. దాని కింద ఒక చీటీ పెట్టి, గిన్నె దించి, చెప్పాను. వైరు, కరెంటు, రెండు డిస్కులు, అన్నీ. మధ్యలో ఆపి రెండుసార్లు అడిగించుకున్నాడు. గిన్నె తానే ఎత్తి, చీటీ చూసి, మళ్లీ దించాడు.

"నేను సూసిన మేడమ్. పొద్దున రాంగనే నిన్నటియి తీసి సూస్తుంటి. అయినా అందరు లేవు లేవంటుంటె, ఆఖరికి నాకే అనుమానమొచ్చింది. నిజంగ సూసిన్నా, సూసిన్ననుకుంటున్ననా అని. ఇక్కడ కూడ చీటి ఇచ్చినంక లారీ పోయేదాక నాకు పానం నిమ్మలముండదు. లోపలికి వచ్చి మళ్లొకసారి బరువు సూసుకుంట."

కనబడని ఆ సగం కోసం నేను పడిన తిప్పలు ఎంతపాటివో అప్పుడు తెలిసింది.

అతను ఫోన్ తీసి ఎవరికో కలిపాడు. "మా ఇంటామె. మీరే చెప్పండి. నేను చెప్తె నమ్ముతది గాని, మీరు చెప్తె వేరె ఉంటది."

ఆమె ఊళ్లోనే ఉంది, పిల్లలతో. కంప్యూటర్ ఎన్నడూ ముట్టని మనిషి. గూడు, బీరువా అని చెబితే వెంటనే అందుకుంది. అంతా విని, "మరి మిల్లాయన ఏమన్నడు?" అని అడిగింది.

"అయిపోయిన సంగతి అన్నడు."

"ఆయనకు అయిపోయింది" అంది ఆమె. ఇంకొంచెం ఆగి, "మీరు కోదాడదాక పోయి చెప్పిన్రు. సల్లగుండాలె" అని పెట్టేసింది.

కొన్నాళ్లకు అతనే ఫోన్ చేశాడు. మిల్లు సార్ తనకు ఫోన్ చేసి మాట్లాడాడట. ఆరోగ్యం అడిగాడు, పిల్లల చదువు అడిగాడు, కోదాడలో ఎండలెలా ఉన్నాయని అడిగాడు.

"రమ్మన్నడా?"

"రమ్మనలె, వద్దనలె. తప్పయింది అనే మాట నోటిదాక వచ్చినట్టనిపించింది, గాని రాలె. నేను కూడ పోదమనుకుంటలేను. ఇగ ఇంటోళ్లను గూడ ఈడికే తోలుకొస్త."

తీసుకొచ్చాడు. ఆ తర్వాత కోదాడ వెళ్లినప్పుడల్లా రేకుల గది ముందు ఆగేదాన్ని. లారీ పోయాక బరువు మళ్లీ చూసుకునే అలవాటు చాలాకాలం పోలేదు. పోయిందని అతను చెప్పలేదు గానీ, ఒకరోజు నేను అక్కడ కూర్చున్నంతసేపూ అలా చూడలేదు. నేను గమనించాను.

ఆ మధ్య చుట్టాల పెళ్లికి బట్టలు కొనడానికి మిర్యాలగూడ వెళ్లినప్పుడు అతను భార్యను వెంటబెట్టుకుని మిల్లుకు పోయాడట. సార్ ఊళ్లో లేడు. మేనేజరు వాళ్లిద్దరినీ కాంటా గదిలోకి పిలిచి, తనే కంప్యూటర్ తెరిచి ఆ లారీ ఫోటో చూపించాడు. కిటికీలోంచి వంగిన ఫోటో కూడా చూపించాడు. ఆమె దాన్నే చాలాసేపు చూసి, "అప్పుడు ఇంకా సన్నగుంటివి" అందట.

"మేనేజర్ ఏమన్నడు?" అని అడిగాను.

"చాయ్ తెప్పించిండు" అన్నాడతను. "తాగొచ్చినం."